లాన్‌కి నీళ్లు వదిలే ముందు చూసుకోవాల్సినవి

ముందు ఇది చూడండి: లాన్ పైపు, వంటింటి కుళాయి ఒకే లైన్ మీద ఉన్నాయా? ఉంటే, మెయిన్ లైన్‌లో ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయినప్పుడు స్ప్రింక్లర్ చుట్టూ నిలిచిన బురదనీళ్లు, ఎరువు, పురుగుమందు అన్నీ వెనక్కి లాగినట్టు తాగేనీళ్లలోకి వచ్చేస్తాయి.

- చెక్ వాల్వ్ (నీళ్లని ఒకవైపే పోనిచ్చేది) ఉందిలే అని ఊరుకోకండి, చిన్న ఇసుక రేణువు అడ్డుపడినా అది పూర్తిగా మూసుకోదు.
- వ్యాక్యూమ్ బ్రేకర్ (ప్రెషర్ పడిపోగానే గాలిని లోపలికి వదిలి, నీళ్లు వెనక్కి లాగకుండా ఆపే పరికరం) పెట్టించండి. అది ప్రెషర్ వ్యాక్యూమ్ బ్రేకర్ అనే రకమైతే అన్నిటికంటే ఎత్తులో ఉన్న స్ప్రింక్లర్ కన్నా కనీసం 12 అంగుళాలు పైన ఉండాలి.
- లైన్‌లోనే ఎరువు కలుపుతున్నా, బూస్టర్ పంపు (ప్రెషర్ పెంచేది) ఉన్నా వ్యాక్యూమ్ బ్రేకర్ చాలదు, రెడ్యూస్డ్ ప్రెషర్ రకం పరికరమే (వెనక్కొచ్చే నీళ్లని బయటికి వదిలేసేది) కావాలి. ఖర్చెక్కువే, అయినా ఇక్కడ రాజీ పడొద్దు.
- హోస్ కొసని మందు బకెట్లో ముంచి వదిలేయకండి, ప్లీజ్!
- పెట్టించిన పరికరాన్ని ఏడాదికోసారి ఈ పని తెలిసినవాళ్లతో టెస్ట్ చేయించండి.