ధర్మసంకటంలో వెంట ఎవరుండాలి: రోల్ ప్లేయింగ్ గేములు ఆడే పద్ధతి

నిర్ణయం తీసుకునే క్షణంలో పక్కన నిలబడి చూసే సహచరుడు లేకపోతే, రోల్ ప్లేయింగ్ గేములోని ధర్మసంకటం పరీక్షాపత్రంలోని బహుళైచ్ఛిక ప్రశ్నలాగే మిగిలిపోతుంది. కాబట్టి ఏ జవాబు ఎంచుకోవాలన్న ఆలోచనకు ముందే ఎవరిని వెంట తీసుకెళ్లాలో నిశ్చయించుకోవాలి. కెనడా సంస్థ బయోవేర్ రూపొందించగా 2009లో విడుదలైన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ దీన్ని నేర్చుకోవడానికి ఇప్పటికీ తగిన గేమ్. ఆటగాడు మంచివాడో చెడ్డవాడో తేల్చే కొలబద్ద అందులో లేదు. ఒక్కొక్క సహచరునికి మీపై ఉన్న అభిప్రాయం మాత్రం మైనస్ 100 నుంచి 100 వరకు విడివిడిగా నమోదవుతుంది.

మీతో పాటు ఒకేసారి ముగ్గురు మాత్రమే రాగలరు. విన్ అనే మాంత్రికురాలు గాయాలు మాన్పుతుంది కాబట్టి ఆమెను ఎక్కడికైనా వెంట తిప్పుకోవాలనిపిస్తుంది. మొదటిసారి ఆడేవారు కఠినత స్థాయిని ఈజీకి తగ్గించుకుని, తమలో తమకు పడనివారిని ఎంచుకోవడం మేలు. యోధుడు ఆలిస్టర్‌నూ మంత్రగత్తె మోరిగన్‌నూ కలిపి తీసుకెళితే, రాత్రి దాడి నుంచి కాపాడమని రెడ్‌క్లిఫ్ గ్రామస్థులు వేడుకున్నప్పుడు మీరు సరేనన్న మాట అతనికి నచ్చుతుంది, ఆమెకు నచ్చదు. ఆమె ఎత్తిపొడుపు లేకుండా చేసిన సాయం మరో క్వెస్టుగా, అంటే పూర్తిచేయాల్సిన మరో పనిగా, గడిచిపోతుంది.

లోదరింగ్ గ్రామాన్ని తొందరగా దాటిపోవద్దు. అక్కడ ఇనుప బోనులో స్టెన్ అనే, క్యునారి జాతికి చెందిన యోధుడు చావుకోసం ఎదురుచూస్తుంటాడు. తాను ఒక రైతు కుటుంబాన్ని, పిల్లలతో సహా, చంపానని అడిగిన వెంటనే ఒప్పుకుంటాడు. సంజాయిషీ చెప్పడు, విడిపించమని బతిమాలడు. అతన్ని వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ మరొక చోట ఒక ప్రధాన ఘట్టం ముగించుకుని వచ్చేసరికి ఆ గ్రామమే మిగలదు. తీసుకెళితే క్యాంపులో ఓపికగా మాట్లాడాలి. ముక్తసరి జవాబుల వెనుక అతను పోగొట్టుకున్న కత్తి కథ చాలా ఆలస్యంగా బయటపడుతుంది, అప్పటికి మీరు అతన్ని ఖైదీగా చూడటం మానేసి ఉంటారు.

అన్నిటికంటే గట్టి పరీక్ష రెడ్‌క్లిఫ్ కోటలో ఎదురవుతుంది. అక్కడి ప్రభువు కుమారుడు కానర్‌ను పిశాచం ఆవహిస్తుంది. బాలుణ్ణి చంపవచ్చు, తల్లి ఇసోల్డ్‌ను రక్తమంత్రానికి బలిచ్చి పిశాచాన్ని ఎదుర్కోవచ్చు, దూరంగా ఉన్న గోపురంలోని మాంత్రికులను మీరు కాపాడితే వారి సాయంతో తల్లీబిడ్డలిద్దరినీ బతికించవచ్చు. పామూ చచ్చి కర్రా విరగని ఈ మూడో దారి ఉందని వాక్‌త్రూ (ఆటను ఎలా పూర్తిచేయాలో చెప్పే వివరణ) చదివినవారికి ముందే తెలుస్తుంది. పిశాచం పట్టిన పిల్లవాణ్ణి కోటలో వదిలి ప్రయాణం కట్టినందుకు గేమ్ ఏ మూల్యమూ వసూలు చేయదు. నా దృష్టిలో ఇది రచనలోని లోపం. దాన్ని మీరే పూడ్చుకోవాలి: ఆ క్షణంలో మీ పాత్రకు ఏమి తెలుసు, అంతకాలం కోటను గాలికొదిలి వెళ్లే ధైర్యం దానికుందా అని ప్రశ్నించుకుని, లేదనిపిస్తే చేదు నిర్ణయమే తీసుకోండి. కానర్‌నో ఇసోల్డ్‌నో బలిచ్చి క్యాంపుకు వెళితే, చిన్నతనంలో ఆ ప్రభువు నీడన పెరిగిన ఆలిస్టర్ మిమ్మల్ని నిలదీస్తాడు. అప్పుడు అభిప్రాయపు అంకెలు పడిపోతాయని మెత్తటి జవాబు వెతకవద్దు, మీ పాత్ర నమ్మినదే చెప్పించండి.

కానుకల విషయంలోనూ జాగ్రత్త అవసరం. నచ్చని పని చేసి, నాలుగు వస్తువులు చేతిలో పెట్టి అభిప్రాయాన్ని మళ్లీ పెంచుకోవడానికి గేమ్ అనుమతిస్తుంది, అది లంచమే. కథతో ముడిపడినవి మాత్రం ఇవ్వండి. తాను చిన్నప్పుడు కోపంలో గోడకు కొట్టి పగలగొట్టిన, తన తల్లి పతకాన్ని అతికించి ఉంచిన స్థితిలో చూసినప్పుడు ఆలిస్టర్ మాట్లాడే తీరు ఏ అంకెకూ అందదు.

2010లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2లో చిక్కు వేరు. అక్కడ మంచితనానికి నీలం, కరకుతనానికి ఎరుపు కొలతలు ఉంటాయి; అవి బాగా పెరిగితేనే కొన్ని మాటలు అందుబాటులోకి వస్తాయి కాబట్టి ఆటగాళ్లు సందర్భం చూడకుండా ఒకే రంగును పట్టుకుని పోతారు. ఆ రంగులను పక్కనపెట్టి, సహచరుల్లో ఒక్కొక్కరి సొంత మిషన్‌ను శ్రద్ధగా పూర్తిచేయండి. చివరి దాడిలో ఎవరు బతుకుతారన్నది చాలావరకు వారి విధేయతపైనా, ఎవరికి ఏ పని అప్పగించారన్న దానిపైనా ఆధారపడుతుంది. 2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో సహచరుల మెప్పూ అయిష్టమూ అప్పటికప్పుడే తెర మూలన కనిపిస్తాయి. అవి చూసి, నిర్ణయం మార్చుకోవడానికి వెంటనే పాత సేవ్ (ముందు భద్రపరచిన ఆట) తెరిచే అలవాటున్నవారు, ఒకే సేవ్ ఉండే హానర్ మోడ్ జోలికి పోకపోయినా, సంభాషణకు ముందు సేవ్ చేయడం మానుకుంటే చాలు.

ఆరిజిన్స్‌లో సామంతుల సభకు వెళ్లేముందు మాత్రం ఆలిస్టర్‌తో మాట్లాడాల్సినవన్నీ మాట్లాడేసుకోండి. రాజును యుద్ధభూమిలో వదిలేసిన లోగైన్ అక్కడ మీ ముందు ఓడి నిలబడతాడు. అతనికి ప్రాణభిక్ష పెడితే, అభిప్రాయం 100 దగ్గరున్నా సరే, ఆలిస్టర్ మీతో రాడు; అతని చోటులోకి లోగైనే వస్తాడు. ఆలిస్టర్‌కిద్దామని దాచిన చిన్న రాతిబొమ్మలు ఏవైనా ఉంటే అవి మీ సంచిలోనే మిగిలిపోతాయి.