డీపీఎఫ్ లైటు వెలిగిందా? డబ్బా కోయించకండి

మా ఇల్లు ఒడిశాలోని జయపురంలో. కొట్టుకి రెండు కిలోమీటర్లు, పాప స్కూలుకి మూడు. నా డీజిల్ కారు వారమంతా ఇంతే తిరుగుతుంది. పోయిన చలికాలం డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. సైలెన్సర్ డబ్బా బొమ్మ, అందులో చుక్కలు. అది డీపీఎఫ్ లైటు, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టరు డబ్బాది. మెకానిక్ చూసి, "డబ్బా కోసి లోపలిది తీసేద్దాం బాబూ, సాఫ్ట్‌వేర్ మార్చేస్తే ఇక లైటే రాదు" అన్నాడు. మా అమ్మకి ఉబ్బసం. ఆ డబ్బా పట్టి ఉంచే మసంతా రోజూ మా గుమ్మం ముందే వదలాలా? వద్దన్నాను. పైగా అది చట్టవిరుద్ధం, పట్టుబడితే పది వేల దాకా జరిమానా.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకి ఈ ఫిల్టరు మామూలైపోయింది. లోపల తేనెపట్టులా సన్నటి గదులుంటాయి, మసి వాటిలో ఆగుతుంది. పొగ వేడి ఆరు వందల డిగ్రీల దగ్గరికి చేరితే ఆ మసి కాలిపోతుంది. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజనే సరిగ్గా వేడెక్కదు, ఇక ఫిల్టరెక్కడ వేడెక్కుతుంది?

సరుకు కోసం విజయనగరం వెళ్తూ, సుంకి దాటాక సాలూరు ఘాటీలో మసి కాలే పని అయిపోతుందనుకున్నాను. కాలేదు. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలుండదు, ఇంజన్‌కి డీజిల్ అందదు, పొగ చల్లబడుతుంది. అసలు పని సాలూరు దాటాక రామభద్రపురం వైపు రోడ్డు మీద జరిగింది. ట్యాంకులో పావు వంతు కంటే ఎక్కువ డీజిల్ ఉంచుకోండి, తక్కువుంటే కొన్ని కార్లు ఈ పని మొదలే పెట్టవు. టాప్ గేరుకి తొందరపడకండి. ఇంజన్ రెండు వేల ఆర్‌పీఎమ్ పైన తిరిగేలా, అరవై డెబ్బై స్పీడులో ఇరవై నిమిషాలు ఆగకుండా పోనివ్వండి.

మొదటిసారి నేను చేసిన తప్పు, మధ్యలో టీ కోసం ఆగి ఇంజన్ ఆపేయడం. లైటు పోలేదు. బండి నిలబడి ఉన్నా ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే, ఐడ్లింగ్ మామూలు కంటే పెరిగితే, కాలుతున్న వాసన వస్తే లోపల మసి కాలుతోందని అర్థం. అప్పుడు ఇంజన్ ఆపొద్దు. పంట రోజుల్లో రోడ్డు మీద గడ్డి పరుస్తారు కదా, దాని మీద బండి నిలపనే నిలపొద్దు. నిప్పంటుకునే ప్రమాదం నిజంగా ఉంది.

ఇలా నడిపినా లైటు పోకపోయినా, ఇంజన్ లైటు కూడా వెలిగి బండి లాగకపోయినా ఇక నడపకండి. స్కానర్ ఉన్నచోట ఫోర్స్‌డ్ రీజనరేషన్, అంటే స్కానర్‌తో బలవంతంగా మసి కాల్పించడం, చేయిస్తారు. ముందుగా ప్రెజర్ సెన్సార్ పైపులు, ఈజీఆర్ వాల్వు (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపేది), డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు చూడమనండి. వాటిలో లోపముంటే ఫిల్టర్ ఎన్నిసార్లు కాల్చినా మళ్లీ మూసుకుపోతుంది.

ఇంజన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ కూడా చూస్తూ ఉండండి. మసి కాల్చే పని మధ్యలో ఆగిపోతూ ఉంటే డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మ్యాక్స్ గీత దాటినా, డీజిల్ వాసన వచ్చినా వెంటనే మార్పించండి. కొత్త ఆయిల్ కారు పుస్తకంలో రాసిన గ్రేడే, తక్కువ బూడిద మిగిల్చే రకమే పోయించండి. మసి కాలుతుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టరులోనే పేరుకుంటుంది.

ఆ బూడిదకి మాత్రం ఫిల్టరు విప్పాలి. విప్పడమంటే పారేయడం కాదు, శుభ్రం చేసి తిరిగి బిగించడం. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోనివ్వండి. కారు కడిగే ప్రెజర్ పంపుతో కడగనివ్వకండి, లోపలి పింగాణీ పగులుతుంది. ఈ పని చేసే యంత్రం ఉన్నచోటికే పంపండి. బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవి వేయించండి. ప్రెజర్ సెన్సార్‌కి రెండు పైపులుంటే, ముందుదానికి, వెనకదానికి విప్పకముందే వేర్వేరు రంగుల టేపు చుట్టండి. అవి తారుమారైతే రీడింగ్ తప్పుగా వస్తుంది. శుభ్రం చేయకముందు ప్రెజర్ ఎంత, చేశాక ఎంత, రెండూ బిల్లు మీద రాయించుకోండి.