పొయ్యి మార్చే ముందు గొట్టం చూడండి

మా ఇల్లు అమెరికాలో, న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువా ఊళ్ళో. 1987లో కట్టింది. కొనేటప్పుడు హాల్లో ఫైర్‌ప్లేస్, అంటే గోడలో కట్టెలు కాల్చే గూడు, చూసి తెగ మురిసిపోయాం. చుట్టూ ఇటుక, పైన చెక్క బల్ల, ముందు గాజు తలుపులు. ఏడాదికి రెండుసార్లు వెలిగించి, ఫోటోలు దిగి వదిలేసేవాళ్ళం. దాని అసలు రంగు బయటపెట్టింది మా అమ్మ. ఆర్నెల్లు ఉందామని రాజోలు నుంచి వచ్చి, మొదటి చలి రోజున దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పావుగంట కాలేదు, "ఏంట్రా ఇది, మోకాళ్ళు మాడిపోతున్నాయి, వీపు వణికిపోతోంది" అంది.

నాకు అనుమానం వచ్చి, దేవుడి గూట్లోంచి ఒక అగరబత్తి తెచ్చి వెలిగించి వీధి తలుపు సందు దగ్గర పట్టుకున్నాను. పొగ పైకి లేవలేదు. అడ్డంగా ఒంగి హాల్లోకి పరిగెత్తింది. అంటే ఫైర్‌ప్లేస్ ఇంట్లో వెచ్చటి గాలిని గొట్టంలోంచి బయటికి తోడేస్తోంది, ఆ లోటు తీర్చడానికి బయటి చలిగాలి ప్రతి సందులోంచీ లోపలికి దూరుతోంది. ఆయిల్ పోసి వేడి చేసుకున్న గాలిని, కట్టెలు కాల్చి మరీ బయటికి పంపుతున్నామన్నమాట.

2023 మార్చిలో మంచు తుపానుకి కరెంటు రెండు రోజులు పోయింది. మా బాయిలర్ ఆయిల్‌దే అయినా కరెంటు లేకపోతే వెలగదు. ఉన్న కట్టెలన్నీ ఆ ఫైర్‌ప్లేస్‌లో తగలేసినా హాల్లో 48 డిగ్రీలే (ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో, కింద చెప్పే డిగ్రీలన్నీ అవే). అమ్మకి మూడు దుప్పట్లు కప్పాను. ఆ రాత్రే అనుకున్నాను, దీన్ని పీకేసి సరైన కట్టెల స్టవ్, అంటే తలుపు మూసి కట్టెలు కాల్చే పొయ్యి, పెట్టాలని.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో చూసుకోండి. ఎదురుగా ఇటుక కనిపిస్తే లోపలంతా ఇటుక కట్టడమే అనుకుంటాం. టార్చ్ లైటు వేసి లోపలికి తొంగి చూడండి. పక్కలు రేకుతో ఉన్నా, ఇటుక అనుకున్నది పలకలాగా అతికించినట్టున్నా, పైన గుండ్రటి రేకు గొట్టం కనిపించినా అది ఫ్యాక్టరీలో తయారైన రేకు పెట్టె. ఇల్లు కట్టేటప్పుడు చెక్క ఫ్రేములో దాన్ని కూర్చోబెట్టి, ముందు ఇటుక అంటిస్తారు. ఇంటి బయట గోడకి ఆనుకుని పైదాకా వెళ్ళే చెక్క గూడు ఉంటుంది, దాన్ని ఇక్కడ చేజ్ అంటారు. మనం చిమ్నీ అనుకునేది అదే, ఇటుక ముక్క కూడా ఉండదు. తెరలాంటి జాలీ పక్కనో, లోపలి గోడ మీదో చిన్న రేకు పలక మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉంటాయి. మాది మసి పట్టిపోయి ఉంటే తడిగుడ్డతో తుడిచి ఫోన్‌తో ఫోటో తీశాను. ఆ ఫోటో తర్వాత చాలా పనికొచ్చింది.

ఎలాగంటే, మొదట నేను ఒక షాపుకి వెళ్ళాను. అక్కడి సేల్స్ అబ్బాయి "ఇన్సర్ట్ కొనుక్కోండి, పాత దాంట్లోకి తోసేస్తే చాలు, పాత గొట్టమే సరిపోతుంది" అన్నాడు. ఇన్సర్ట్ అంటే పాత ఫైర్‌ప్లేస్ కంతలో ఇమిడేలా చేసిన స్టవ్. అడ్వాన్సు కట్టబోయి, ఎందుకైనా మంచిదని చిమ్నీ శుభ్రం చేసే ఆయనకి ఆ ఫోటో చూపించాను. ఆయన మోడల్ నంబరు పట్టుకుని పాత మాన్యువల్ వెతికి, ఒక లైను వేలితో చూపించాడు: ఇందులో ఇన్సర్ట్ పెట్టరాదు. కొన్ని కంపెనీల పెట్టెల్లో స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్ (పాత గొట్టం లోపల దింపే ఇంకో గొట్టం) పైదాకా వేసి ఇన్సర్ట్ పెట్టుకోనిస్తారు, చాలావాటిలో కుదరదు. కుదురుతుందో లేదో చెప్పాల్సింది ఆ మాన్యువలే, షాపు వాళ్ళు కాదు.

పాత గొట్టం ఎందుకు పనికిరాదో ఆయన చెప్పిన తీరు నాకు బాగా ఎక్కింది. రేకు పెట్టె ఫైర్‌ప్లేస్‌కి వచ్చే గొట్టం రెండు మూడు పొరల రేకు. పొరల మధ్య చలిగాలి తిరుగుతూ బయటి పొరని చల్లగా ఉంచుతుంది. దాన్ని ఆ పెట్టెతో కలిపి ఒకే సరుకుగా పరీక్షించారు, ఇంకో దానికి తగిలించడానికి కాదు. స్టవ్ పొగ వేరు. కొంచెం కొంచెంగా, నెమ్మదిగా వెళ్తుంది. చల్లటి గొట్టం తగిలితే అందులోని తారు లాంటి పదార్థం, క్రియోసోట్, గోడలకి పట్టేస్తుంది. ఎప్పుడో ఒకసారి అది అంటుకుంటే గొట్టం లోపల 2000 డిగ్రీల మంట. చుట్టూ ఉన్నది చెక్క గూడు. ఇంక చెప్పక్కర్లేదు.

అందుకని స్టవ్‌కి కావాల్సింది పొరల మధ్య ఇన్సులేషన్, అంటే వేడిని దాటనివ్వని సరుకు, కూరిన గొట్టం. ఇక్కడ క్లాస్ ఏ అంటారు. దాని మీద యూఎల్ 103 హెచ్‌టీ అన్న భద్రతా పరీక్ష ముద్ర ఉండాలి. ఆ హెచ్‌టీ అక్షరాలు లేకపోతే తీసుకోవద్దు. పది నిమిషాల చొప్పున మూడుసార్లు 2100 డిగ్రీల వేడి తట్టుకున్న గొట్టానికే అవి పడతాయి. మా ఖర్చులో స్టవ్‌కి ఎంతయిందో గొట్టానికి, దాని సామాన్లకి దాదాపు అంతయింది. స్టవ్ ధర చూసి బడ్జెట్ వేసుకుంటే మధ్యలో టెన్షన్ తప్పదు.

స్టవ్ ఎంపిక గురించి రెండే మాటలు. 2020 మే 15 తర్వాత ఇక్కడ కొత్తగా అమ్మేవన్నీ ఈపీఏ (ఇక్కడి పర్యావరణ రక్షణ సంస్థ) గట్టి పరిమితికి లోబడాలి: గంటకి 2 గ్రాములకి మించి పొగ రేణువులు వదలకూడదు, మామూలు చీల్చిన కట్టెలతో పరీక్షిస్తే 2.5. కాబట్టి పాతది ఎక్కడో చవగ్గా దొరికిందని తెచ్చుకోవద్దు. రెండోది, ఇల్లు పెద్దదని పెద్ద స్టవ్ కొనకండి. వేడి ఎక్కువై పొయ్యిలోకి గాలి వెళ్ళే దారి బిగిస్తారు, బిగిస్తే కట్టె కాలదు, కుములుతుంది, మళ్ళీ అదే క్రియోసోట్. మాది 1,700 చదరపు అడుగుల ఇల్లు, రెండు ఘనపుటడుగుల పొయ్యి చక్కగా సరిపోయింది. మేము 2024లో పెట్టాం కనక 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ వచ్చింది. అది 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఊరి బిల్డింగ్ ఆఫీసులో పర్మిట్ ముందే తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ళకీ ముందే చెప్పండి. నేను చెప్పకపోయి ఉంటే నడిచిపోయేదేమో కానీ, ఏదైనా జరిగిన రోజున వాళ్ళు మొదట అడిగేది ఆ పర్మిట్ కాగితమే.

ఇక పీకడం. ఇది నేనూ మా బావమరిదీ రెండు శనివారాల్లో చేశాం. ముందు చెక్క బల్ల, తర్వాత అంటించిన ఇటుక, దాని వెనక గోడ పలక. ఇటుక ఊడదీస్తే ఎంత దుమ్మో, హాలంతా ప్లాస్టిక్ షీట్లు కట్టకుండా మొదలుపెట్టద్దు. పెట్టెని ఫ్రేముకి పట్టి ఉంచేది నాలుగైదు రేకు చెవులు, వాటి మేకులు లాగేస్తే కదులుతుంది. పైన గొట్టం ముక్కలు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుని ఉంటాయి, పై నుంచి కిందికి విప్పుకుంటూ రావాలి. ఇంటి మీదికెక్కే పని మేము పెట్టుకోలేదు, అది గొట్టం బిగించే వాళ్ళకే వదిలేశాం.

పెట్టె బయటికి రాగానే అమ్మ వీపు ఎందుకు వణికిందో ఇంకో కారణం దొరికింది. ఆ చెక్క గూట్లో ఇన్సులేషన్ అన్నది లేదు. కింద పాత ఫైబర్‌గ్లాస్ ముక్కల్లో ఎలకలు కాపురం పెట్టాయి. బయట చలికీ మా హాలుకీ మధ్య ఉన్నది ఒక రేకు మాత్రమే! గూడు గోడలకి ఇన్సులేషన్ పెట్టి, దాని మీద గోడ పలకలు బిగించి, సందులు మూసి, అంతస్తు మారే చోట నిప్పు పైకి పాకకుండా రేకు అడ్డు వేయించాం. మీరు ఈ పని దాటేస్తే గొట్టం చుట్టూ ఊడిన ఇన్సులేషన్ పడుతుంది, అది ప్రమాదం. గొట్టానికీ చెక్కకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో ఏమీ కూరకూడదు. చాలామంది వెచ్చగా ఉంటుందని కూరేస్తారు.

పాత కంత మూసేసి గోడ కట్టి, స్టవ్ ఆ గోడ ముందు పెట్టాం. ఇక్కడ నేనొక తప్పు చేయబోయాను. గోడకి రాతి టైల్స్ వేస్తున్నాం కదా, ఇక స్టవ్‌ని దగ్గరగా జరపొచ్చు అనుకున్నాను. కుదరదు. టైల్ కాలదు కానీ వేడిని వెనకున్న చెక్క స్టడ్స్‌కి, అంటే గోడ లోపలి నిలువు చెక్కలకి, అందిస్తుంది. కాబట్టి టైల్ ఉన్నా అది కాలే గోడ కిందే లెక్క. దూరం తగ్గించాలంటే గోడకి అంగుళం ఎడంగా, కిందా పైనా గాలి ఆడేలా రేకు కవచం నిలబెట్టాలి. మాకు చోటుంది కనక మాన్యువల్‌లో చెప్పిన దూరమే ఉంచాం. స్టవ్ నుంచి బయల్దేరే గొట్టానికీ ఇదే తంతు: ఒక పొర గొట్టమైతే చెక్కకి 18 అంగుళాలు, రెండు పొరలదైతే మామూలుగా 6. మేము రెండు పొరలదే వేశాం.

కింద నేల సంగతి. స్టవ్ తలుపు ముందు కనీసం 16 అంగుళాలు నిప్పు అంటని నేల ఉండాలి, కెనడాలో 18. పాత అరుగు ఉంది కదా అనుకోకండి. అది పాత కంత నుంచి కొలిచి కట్టింది, స్టవ్ తలుపు ఇప్పుడు ముందుకొచ్చింది. కొన్ని స్టవ్‌లు కిందికి కూడా వేడి దింపుతాయి, వాటి కింద మామూలు టైల్ చాలదు, మాన్యువల్‌లో అడిగిన ఆర్-వాల్యూ (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) రావాలి.

గొట్టం బిగించడం వాళ్ళే చేసినా నేను పక్కనే నిలబడ్డాను. ఒకటి మాత్రం కళ్ళారా చూడమని మీకూ చెప్తాను. గొట్టం ముక్కల్లో ఒక చివర కుచ్చిళ్ళు పెట్టినట్టు సన్నగా ఉంటుంది. ఆ సన్న చివర కిందికి, అంటే స్టవ్ వైపు ఉండాలి. పొగ పైకి కదా పోయేది, సన్నది పైకి ఉండాలి అనిపిస్తుంది. కానీ పైన తడి తారు కారితే అది లోపల్లోపలే పొయ్యిలోకి దిగాలి, తిరగేసి పెడితే అతుకులోంచి గోడ మీద నల్లగా కారుతుంది. ప్రతి అతుక్కీ మూడు స్క్రూలు. అడ్డంగా వెళ్ళే ముక్క అడుక్కి పావు అంగుళం చొప్పున పైకి లేవాలి. గోడ దాటాక గూట్లో టీ ఆకారపు ముక్క, దాని అడుగున మసి తీసే మూత. ఆ మూతకి చేయి అందేలా బయట గోడకి చిన్న తలుపు పెట్టించాను. పైన, గొట్టం కప్పు దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, పది అడుగుల లోపున్న దేనికన్నా 2 అడుగులు ఎత్తు ఉండాలి. గూటి మీద పాత రేకు మూత తుప్పు పట్టి ఉంటే, మాది పట్టింది, ఇప్పుడే మార్చించుకోండి. పనిలో పని, హాల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కొత్తది పెట్టండి.

మొదటి మూడు మంటలు చిన్నవిగా వేయాలి. స్టవ్ రంగు కాగి గట్టిపడుతుంది, వాసన ఘాటుగా వస్తుంది. కిటికీలు తీసినా మా పొగ అలారం రెండుసార్లు మోగింది.

తర్వాతి చలికాలం అమ్మ మళ్ళీ వచ్చింది. నేను పుల్లలు కింద పేర్చి, మీద పేళ్ళు పెట్టే అలవాటు మానేసి, ఇక్కడివాళ్ళ పద్ధతి నేర్చుకున్నాను: లావు పేళ్ళు అడుగున, వాటి మీద సన్నవి, ఆ పైన చిదుగులు, అన్నిటికన్నా పైన ముడేసిన న్యూస్‌పేపర్. మంట పై నుంచి కిందికి దిగుతుంది. గొట్టం ముందు వేడెక్కుతుంది కనక ఇంట్లోకి పొగ రాదు. అమ్మ చూసి "తలకిందులుగా వెలిగిస్తున్నావేంట్రా" అని నవ్వింది, కానీ ఊదుగొట్టం అవసరం లేకుండా అంటుకునేసరికి ఊరుకుంది. అంటుకున్న పావుగంట, ఇరవై నిమిషాల దాకా గాలి పూర్తిగా వదిలి, తర్వాత విడతలుగా తగ్గించాలి. బయటికి వెళ్ళి చూస్తే గొట్టం మీద పొగ కనిపించకూడదు.

కట్టె విషయంలో మాత్రం అమ్మే గురువు. ఆరింది అని అమ్మినవాడు చెప్పిన ఓక్ పేడు పొయ్యిలో వేస్తే, చివరనుంచి నురగ వచ్చి బుస్సుమంది. "పచ్చిదిరా, ఏడుస్తోంది" అంది. ఇరవై డాలర్ల తేమ మీటరు కొని, పేడుని మళ్ళీ చీల్చి, లోపలి కొత్త ముఖం మీద గుచ్చి చూస్తే 31 శాతం. 20 లోపు ఉండాలి. ఓక్‌కి చీల్చి పేర్చాక రెండేళ్ళు పడుతుంది, యాష్ చెట్టు కట్టె త్వరగా ఆరుతుంది. కట్టెలు ఇక్కడ కార్డ్ లెక్కన కొంటారు, 4 అడుగుల వెడల్పు, 4 ఎత్తు, 8 పొడుగు పేరిస్తే ఒక కార్డ్, 128 ఘనపుటడుగులు. లారీలో గుట్టగా పోసి కార్డ్ అంటే నమ్మకండి, పేర్చి కొలవండి.

బూడిద మూతున్న ఇనప బకెట్లోకి తీసి, బయట సిమెంటు నేల మీద పెట్టండి. చెక్క డెక్ మీద గానీ, గరాజ్‌లో గానీ వద్దు, నిప్పుకణికలు రోజుల తరబడి బతికి ఉంటాయి. తలుపు చుట్టూ ఉండే తాడు లాంటి సీలుకి ఒక డాలర్ నోటు పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే సీలు మార్చే టైమైంది.

గొట్టం ఏడాదికోసారి, మొదటి ఏడాది మాత్రం రెండు నెలలకే ఒకసారి మసి తీయించి చూసుకోండి. పొడి మసి అయితే ఫర్వాలేదు. మెరుస్తూ తారులా అతుక్కుని ఉంటే కట్టె పచ్చిదో, గాలి మరీ బిగిస్తున్నారో అని అర్థం. మాకు మొదటిసారి టీ మూత తీస్తే ఒక చెంబుడు వచ్చింది, పొడిగా, కాటుకలా. అందులో అడుగున కొంచెం మెరిసింది ఆ ఓక్ పుణ్యమే.