టీవీ రిమోట్‌కి సౌండ్‌బార్ పలకకపోతే

మా టీపాయ్ మీద మూడు రిమోట్లు ఉండేవి. టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్స్‌ది ఒకటి, సౌండ్‌బార్‌ది ఒకటి. ఆ మూడోది ఎప్పుడూ సోఫా సందులోనే ఉండేది. సీరియల్ మధ్యలో యాడ్ వచ్చి ఇల్లు దద్దరిల్లుతుంటే అమ్మ "అబ్బా, తగ్గించరా" అనేది. నేను సందులో చెయ్యి పెట్టి వెతికేలోపు యాడ్లు అయిపోయేవి. సౌండ్‌బార్ బిగించిన అబ్బాయి "టీవీ రిమోట్‌తో రాదండీ, దేని రిమోట్ దానిదే" అని చెప్పి వెళ్లాడు. ఏడాదిపాటు అదే నిజమనుకున్నాం. ఓ ఆదివారం దుమ్ము దులుపుతూ టీవీ వెనక చూస్తే అతను పెట్టింది ఆప్టికల్ వైరు. హెచ్‌డీఎంఐ వైరు అట్టపెట్టెలోనే, కవరు కూడా విప్పకుండా ఉంది.

మామూలుగా టీవీ రిమోట్ మాట్లాడేది టీవీతోనే. ఆ మాటను సౌండ్‌బార్‌కి చేరవేయాల్సింది టీవీ. కాబట్టి రిమోట్ సెల్లు మార్చే ముందు టీవీ నుంచి సౌండ్‌బార్‌కి ఏ వైరు వెళ్తోందో చూడండి. గోడకి బిగించిన టీవీ అయితే తల దూర్చక్కర్లేదు, ఫోన్ టార్చి వేసి వెనక్కి పెట్టి వీడియో తీస్తే చాలు.

టీవీలో అంకె మారుతోంది, సౌండ్ మాత్రం అలాగే ఉంది

దాదాపుగా ఇది ఆప్టికల్ వైరు పని. చివర సన్నటి ఎర్ర వెలుగు కనిపించే వైరు అది. అందులో సౌండ్ కాంతి రూపంలో టీవీ నుంచి బార్‌కి ఒకవైపే వెళ్తుంది. వాల్యూమ్ పెంచు, తగ్గించు అని చెప్పే దారి అందులో లేదు. పైగా చాలా టీవీలు ఆప్టికల్‌కి ఎప్పుడూ ఒకే స్థాయిలో సౌండ్ పంపుతాయి. అందుకే తెర మీద అంకె 40 నుంచి 10కి వచ్చినా చెవికి తేడా తెలియదు.

రెండు వైపులా ఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే ఆప్టికల్ పీకేసి హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. ఏఆర్‌సీనే ఆర్క్ అంటారు, టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైరులోనే బార్‌కి పంపే ఏర్పాటు అది. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, కాబట్టి మరీ పాత టీవీ కాకపోతే ఉండే అవకాశమే ఎక్కువ.

బార్‌కి హెచ్‌డీఎంఐ లేకపోతే ఇంకో దారి ఉంది. కొన్ని బార్‌లు టీవీ రిమోట్ కోడ్‌ని నేర్చుకుంటాయి. ఎలా నేర్పాలో మాన్యువల్‌లో ఉంటుంది. నేర్పాక టీవీ స్పీకర్‌ని మెనూలో ఆపేయండి. ఇక్కడ చాలామంది గంటలు వృథా చేసే చోటు ఒకటుంది. వాయిస్ బటన్ ఉన్న కొత్త రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో పనిచేస్తాయి, వాటి వాల్యూమ్ బటన్ నుంచి ఇన్‌ఫ్రారెడ్ కోడ్, అంటే కంటికి కనపడని వెలుగుతో వెళ్లే కోడ్, రాకపోవచ్చు. రాని కోడ్‌ని బార్ ఎలా నేర్చుకుంటుంది? తేల్చుకోవడం తేలికే. ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, రిమోట్ ముక్కు దాని వైపు తిప్పి వాల్యూమ్ నొక్కండి. తెర మీద వంకాయరంగు చుక్క మిణుకుమంటే కోడ్ వస్తోంది. పాత మామూలు రిమోట్‌కి చుక్క కనిపించి దీనికి కనిపించకపోతే ఆ ప్రయత్నం మానేయొచ్చు.

టీవీ, బార్ రెండూ ఎల్జీవే అయితే సౌండ్ సింక్ అనే సెట్టింగ్ చూడండి. ఆప్టికల్ వైరుతోనే టీవీ రిమోట్ పనిచేసేలా వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది.

హెచ్‌డీఎంఐ పెట్టాం, అయినా పలకదు

ముందు పోర్టు. టీవీకి మూడు నాలుగు హెచ్‌డీఎంఐలున్నా ఆర్క్ సాధారణంగా ఒక్కదానికే ఉంటుంది. పక్కదాంట్లో పెడితే వైరు చక్కగా కూర్చుంటుంది, పని మాత్రం జరగదు. బార్ వైపు కూడా ఇన్, అవుట్ అని రెండుంటే టీవీ వైరు వెళ్లాల్సింది అవుట్‌లోకి. సౌండ్ టీవీ నుంచి వస్తోంది కదా, ఇన్‌లో పెట్టాలి అనిపిస్తుంది. నేనూ అలాగే పెట్టాను. అవుట్ పక్కన చిన్న అక్షరాలతో టీవీ ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది, అదే గుర్తు.

తర్వాత సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ వైరు మీదుగా పరికరాలు ఒకదానికొకటి మాట చెప్పుకునే ఏర్పాటు. హెచ్‌డీఎంఐ వైరులో 13వ పిన్ ఈ పని కోసమే ఉంది. మీరు ప్లస్ నొక్కితే టీవీ ఆ పిన్ మీదుగా "వాల్యూమ్ పెంచు" అని బార్‌కి చెబుతుంది. చిక్కల్లా ఏమిటంటే సెట్టింగ్స్‌లో దీన్ని ఏ కంపెనీ ఒకే పేరుతో పిలవదు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, పానసోనిక్‌లో వియరా లింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. అన్నీ ఒకటే. ఇది టీవీలోనూ ఆన్‌లో ఉండాలి, బార్‌లోనూ ఆన్‌లో ఉండాలి. బార్‌లో ఆఫ్ అయి ఉంటుందని చాలామందికి తట్టదు.

ఆఖరున సౌండ్ అవుట్‌పుట్‌లో టీవీ స్పీకర్ తీసేసి హెచ్‌డీఎంఐ ఆర్క్ గానీ ఆడియో సిస్టమ్ గానీ ఎంచుకోండి. ఇప్పుడు వాల్యూమ్ నొక్కినప్పుడు చాలా టీవీల్లో అంకె పక్కన స్పీకర్ బొమ్మ మారుతుంది. వాల్యూమ్ మారుతూ సౌండ్ మాత్రం అసలు రాకపోతే డిజిటల్ ఆడియోని పీసీఎం అనే మామూలు ఫార్మాట్‌కి మార్చి చూడండి. టీవీ పంపే ఫార్మాట్ బార్‌కి అర్థం కానప్పుడు అలా అవుతుంది.

నిన్నటిదాకా బాగుంది, కరెంటు పోయొచ్చాక పోయింది

మా ఇంట్లో ఇది వేసవి జబ్బు. కరెంటు వచ్చీపోయీ చేసిన రోజున టీవీ తన సొంత స్పీకర్‌కి వెళ్లిపోతుంది, లేదా సౌండ్ బార్‌లోనే వస్తుంది కానీ రిమోట్ మాట వినదు. రెండూ ఒకేసారి లేచి ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా ఉండిపోవడమే కారణం. స్టాండ్‌బైలో పెట్టి తీస్తే పోదు. టీవీ ప్లగ్, బార్ ప్లగ్ రెండూ గోడ నుంచి పీకి, హెచ్‌డీఎంఐ వైరు కూడా తీసి, ఐదు నిమిషాలు వదిలేయండి. టీ పెట్టుకుని రండి. వైరు పెట్టి, రెండింటికీ కరెంటిచ్చి, ముందు టీవీ ఆన్ చేసి, అది పూర్తిగా లేచాక బార్ ఆన్ చేయండి. మాకు పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇంతటితో సరిపోతుంది. టీవీ అప్‌డేట్ తర్వాత వచ్చే తేడాకీ ఇదే చేయండి, కాకపోతే అప్పుడు సీఈసీ సెట్టింగ్ ఆఫ్ అయిందేమో కూడా ఓసారి చూడాలి.

ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు

సీఈసీ అనేది టీవీకి తగిలించిన అన్ని పరికరాలకీ కలిపి ఉన్న ఒకే తీగ. స్ట్రీమింగ్ స్టిక్, సెట్‌టాప్ బాక్స్, గేమ్ కన్సోల్ అన్నీ అక్కడే మాట్లాడతాయి. ఒకటి గోల చేస్తే మిగతావాటి మాట వినపడదు. బార్ తప్ప అన్నీ పీకేసి చూడండి. అప్పుడు బాగుంటే ఒక్కొక్కటే తిరిగి పెట్టండి, దేనితో చెడిందో అది దొంగ. దాని సెట్టింగ్స్‌లో సీఈసీ ఆపేస్తే సరి.

అన్నీ పీకినా అలాగే ఉంటే వైరు మార్చండి. చవక వైర్లలో ఆ 13వ పిన్‌కి తీగే ఉండకపోవచ్చు, బొమ్మ మాత్రం అద్దంలా వస్తుంది. వైరు మధ్యలో స్ప్లిటర్ ఉంటే అదీ తీసేయండి.

బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు వాల్యూమ్ కాస్త ఆలస్యంగా కదిలితే అది రోగం కాదు. సీఈసీ సెకనుకి సుమారు 400 బిట్లే పంపగలదు, ఎద్దుబండి నడక.

ఒక్కసారి నొక్కితే రెండు అంకెలు దూకుతోంది

బార్‌కి రెండు దారుల్లో మాట అందుతోందన్నమాట. సీఈసీ ద్వారా టీవీ చెబుతోంది, మునుపు నేర్పిన కోడ్‌తో రిమోట్ కూడా నేరుగా చెబుతోంది. బార్‌లో ఆ నేర్చుకున్న కోడ్‌ని తీసేయండి. మాట బావిలోంచి వచ్చినట్టు ప్రతిధ్వనిస్తుంటే టీవీ స్పీకర్ కూడా మోగుతోంది, దాన్ని ఆపేయండి.

సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో తగ్గదు, లేదా ఎంత పెంచినా చాలదు

చాలా బాక్సులకి సొంత వాల్యూమ్ ఉంటుంది. అది సగంలో ఉంటే బార్‌ని చివరిదాకా పెంచినా గొణుగుడే. బాక్స్ వాల్యూమ్‌ని పైదాకా పెట్టేసి మళ్లీ ముట్టుకోకండి. మీ బాక్స్ రిమోట్‌కి టీవీ కోడ్ నేర్పే వీలుంటే వాల్యూమ్ బటన్లకి నేర్పండి. అప్పుడు బాక్స్ రిమోట్ టీవీకి చెబుతుంది, టీవీ బార్‌కి చెబుతుంది. అమ్మ చేతిలో ఇప్పుడున్నది ఆ ఒక్క రిమోటే.

బ్లూటూత్‌తో కలిపాం

కొన్ని జతల్లో టీవీ రిమోట్ బార్ వాల్యూమ్‌ని మారుస్తుంది, కొన్నింట్లో మార్చదు. విడదీసి మళ్లీ జత చేసి చూడటం మించి చేయగలిగింది తక్కువ. పెదవులు ఒకటి, మాట ఒకటి అయ్యే బాధ ఎలాగూ ఉంటుంది. వైరుకి వీలున్నచోట నేనైతే బ్లూటూత్ జోలికి పోను.

టీవీకి ఆర్క్ లేదు, కొత్త టీవీ కొనం

టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి బార్‌కి ఆక్స్ అని రాసిన రంధ్రంలోకి మామూలు 3.5 ఎంఎం వైరు లాగండి. చాలా టీవీల్లో హెడ్‌ఫోన్ సౌండ్ టీవీ రిమోట్‌తోనే పెరిగి తగ్గుతుంది, అది బార్‌లో అలాగే వినిపిస్తుంది. బార్‌ని దాని రిమోట్‌తో ముప్పావు వంతు దగ్గర ఒకసారి పెట్టి వదిలేయండి. నిశ్శబ్దంలో సుయ్‌మని వినిపిస్తే బార్‌ని కాస్త తగ్గించి టీవీని పెంచండి. డాల్బీ సరౌండ్ రాదు, వార్తలకీ సీరియళ్లకీ అది అక్కర్లేదు కూడా.