పన్నెండేళ్ల ఉద్యోగం మానేయడం ఎలా? (ఇంట్లో గొడవ లేకుండా)

ఉద్యోగం వదిలేసి మనసుకు నచ్చిన పని చేసుకోవాలని ఒక్కసారైనా అనుకోని తెలుగువాడు బెంగళూరు మారతహళ్లిలో దొరకడు. అనుకోవడం వరకూ బాగానే ఉంటుంది, మానేసే తీరే దారుణం. నేను రెండుసార్లు మానేశాను. మొదటిసారి చెడగొట్టుకుని మూడు నెలలకే ఇంకో కంపెనీలో చేరాను. రెండోసారి కుదిరింది. ఇప్పుడు హోసకోటె దగ్గర చిన్న బడిలో లెక్కలు చెబుతున్నాను. ఆ తర్వాత స్నేహితులవి పదో పన్నెండో రాజీనామాలు నా కళ్లముందే తయారయ్యాయి.

కావలసినవి: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, పెన్ను, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు, చివరి హైక్ లెటర్. ఎక్సెల్ వద్దు. అందులో నచ్చని వరసను దాచేసుకోవచ్చు, నోట్‌బుక్‌లో కుదరదు.

1. ఇంటిఖర్చు రాయండి. పెళ్లయినవాళ్లు ఇద్దరూ కూర్చునే రాయాలి. ఏడాదిన్నరకు సరిపడా డబ్బు చేతిలో ఉండాలి. ఆరు నెలలకు చాలు అనేవాళ్లు జూన్‌లో స్కూలు ఫీజు కట్టని వాళ్లు.

2. సొంత హెల్త్ పాలసీ ఇప్పుడే తీసుకోండి. కంపెనీ పాలసీ మీ చివరి పనిరోజుతో పోతుంది. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు, ప్రమాదాలకు తప్ప, ఏదీ రాదు. ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి మూడేళ్ల వరకూ ఆగాల్సి రావచ్చు. హోమ్ లోన్ కావాలన్నా జీతం స్లిప్పు ఉండగానే.

3. తేదీ చూసుకోండి. గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, లెక్క ఇది: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించడం. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు. బేసిక్ 60,000 ఉన్నవాడికి 12 ఏళ్ల 5 నెలలకు సుమారు 4,15,000 వస్తే, 12 ఏళ్ల 7 నెలలకు 4,50,000 వస్తుంది. రెండు నెలల ఓపిక అంతే.

4. కొత్త పనిని ఆరు నెలలు శనివారాల్లో చేసి చూడండి. తీపి భాగం ఒక్కటే కాదు. పాఠం చెప్పడం ఎవరికైనా ఇష్టమే. నలభై నోటుపుస్తకాలు దిద్దాక కూడా వచ్చే శనివారం వెళ్లాలనిపించాలి. ‘దూకెయ్ గురూ, అన్నీ అవే సర్దుకుంటాయి’ అనేవాళ్లు కొందరుంటారు. వాళ్లలో చాలామందికి ఊళ్లో నాన్న పొలమో, భార్య జీతమో ఉంటుంది. ఆ సంగతి చెప్పరు.

5. ఇంట్లో చెప్పడం. అసలు కష్టమంతా ఇక్కడే.

మొదటిసారి నేను సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు, వరండాలో చుట్టాలందరి ముందు చెప్పాను. అమ్మ గారెల పళ్లెంతో గుమ్మంలోనే ఆగిపోయింది. ‘తీసేశారా నాన్నా?’ అంది. నాన్న పేపరు మడిచి లోపలికెళ్లిపోయారు. బాబాయి మూడు రోజుల్లో ఊరంతా లేఆఫ్ అని చాటాడు. ఆపైన నేనేం చెప్పినా పరువు కాపాడుకోవడానికి చెబుతున్నట్టే ఉంది.

కాబట్టి పండగకి వద్దు, ఫోన్లో అసలే వద్దు. శుక్రవారం రాత్రి మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బస్సెక్కి, శనివారం పొద్దున కాఫీలు అయ్యాక చెప్పండి. ఆదివారం చెబితే ఆ రాత్రే తిరుగు బస్సు. వాళ్లకి అడగాలనిపించేసరికి మీరు ఉండరు.

ముందు హైక్ లెటర్ చేతికివ్వండి. ‘మొన్ననే జీతం పెంచారు నాన్నా, నన్నెవరూ తీసేయలేదు’ అనాలి. ఆ అనుమానం తీరేదాకా తక్కిన మాటలేవీ చెవికెక్కవు. తృప్తి, ప్యాషన్, జీవితానికి అర్థం, ఈ మాటలు ఎత్తకండి. ముప్పై ఐదేళ్లు ఒకే ఆఫీసులో, తృప్తి ఊసే లేకుండా పనిచేసి మనల్ని చదివించిన మనిషికి అవి తప్పుపట్టినట్టు వినిపిస్తాయి. ఏం పని, ఎక్కడ, నెలకెంత, అంతే చెప్పండి.

తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు. భయమేసి మీరే ఏదో ఒకటి మాట్లాడేస్తారు, అదే కొంప ముంచుతుంది. నోట్‌బుక్ బల్లమీద పెట్టి ఊరుకోండి. రెండోసారి నాన్న పది నిమిషాల తర్వాత ‘పిల్లల ఫీజు?’ అన్నారు. పేజీ చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని కూడిక మొత్తం మళ్లీ వేశారు. రెండు వేలు తేడా పట్టుకున్నారు. ‘ఇంత చదివి ఇదేం కూడికరా’ అని తన పెన్నుతో దిద్దారు. అప్పటినుంచి అది ఆయన లెక్క కూడా అయింది. అత్తగారింట్లో మాట మాత్రం మీ ఆవిడే మొదలుపెట్టాలి, మీరు పక్కన కూర్చోండి.

6. రాజీనామా సోమవారం పొద్దున ఇవ్వండి. శుక్రవారం ఇస్తే మేనేజర్ రెండు రోజులు ఆలోచించుకుని వస్తాడు. ఉత్తరం రెండు లైన్లు, కారణం రాయకూడదు. జీతం పెంచుతామంటే నవ్వి ఊరుకోండి. నోటీసు 90 రోజులుంటే 90 రోజులూ పనిచేయండి, రిలీవింగ్ లెటర్ చేతికొచ్చేదాకా అందరితో మంచిగా ఉండండి. పీఎఫ్ ముట్టుకోవద్దు. పీఎఫ్ పెన్షన్ పథకంలో ఉన్నవాళ్లకి పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పెన్షన్ ఉంది.

7. మానేశాక ఏడాదిపాటు నాన్న చుట్టాలతో ‘మావాడు బెంగళూరులో కంపెనీలోనే’ అంటారు. పక్కనే ఉన్నా సరిదిద్దకండి.