పరోక్ష కథనంలో కర్త విభక్తిని గుర్తించే పద్ధతి

ఒకరి మాటను మరొకరు చెప్పే వాక్యాన్ని అనువదించేటప్పుడు, క్రియ కాలం కంటే ముందు, లోపలి వాక్యపు కర్త ఏ విభక్తిలో ఉన్నదో చూడాలి. తెలుగులో ‘అని’ ఆ వాక్యాన్ని దాదాపు యథాతథంగా నిలుపుతుంది కనుక కర్త ప్రథమా విభక్తిలోనే ఉంటుంది. ‘నేను వస్తాను’ అన్న రవి మాట ‘రవి తాను వస్తానని చెప్పాడు’ అవుతుంది. ‘నేను’ కాస్తా ‘తాను’ అయినా క్రియ ఉత్తమ పురుషలోనే నిలవడం మన భాషకున్న అందమని నేను భావిస్తాను. అక్కడ ‘వస్తాడని’ అని రాస్తే, వచ్చేది మరొకరని పాఠకుడు అనుకోవచ్చు. సంస్కృతంలో ‘ఇతి’ పనీ ఇదే.

లాటిన్ దారి వేరు. ‘అతడు వస్తున్నాడని చెబుతున్నాడు’ అనడానికి ‘దీకిత్ ఎఉమ్ వెనీరె’ అంటారు. ఇందులో వచ్చే వ్యక్తిని సూచించే ‘ఎఉమ్’ ద్వితీయలో ఉంటుంది, ‘వెనీరె’కు పురుషను తెలిపే ప్రత్యయం ఉండదు. కాబట్టి చెప్పడమనే క్రియ పక్కన ద్వితీయ కనిపించగానే దానిని కర్మగా తీసుకోకుండా, తరువాత అటువంటి క్రియారూపం ఉన్నదేమో వెతికి, ఉంటే ఆ పదాన్ని తెలుగులో ప్రథమకు మార్చాలి. తుర్కీ భాషలో ‘అలీ వచ్చాడని చెప్పాడు’ అనే వాక్యంలో అలీ పేరు సాధారణంగా షష్ఠిలో ఉంటుంది.

వినేవారి విభక్తిని మాత్రం తెలుగు క్రియే నిర్ణయిస్తుంది: ‘నాతో అన్నాడు’, ‘నాకు చెప్పాడు’, ‘నన్ను అడిగాడు’.