అమ్మ పంపిన పార్శిల్‌కు యూకేలో పన్ను ఎక్కువ వేశారా?

గుంటూరులో కట్టిన పార్శిల్ కంటే ముందు రాయల్ మెయిల్ (యూకే తపాలా సంస్థ) వాళ్ల బూడిదరంగు ‘ఫీ టు పే’ కార్డు, అంటే డబ్బు కడితేనే పార్శిల్ ఇస్తామనే చీటీ, వచ్చిందంటే కంగారు పడకండి. బిల్లు తప్పనిపించినా ముందు కట్టేసి పార్శిల్ విడిపించుకోండి. మామూలుగా మూడు వారాలు ఉంచి వెనక్కి పంపేస్తారు. రిఫండ్ తర్వాత అడగొచ్చు. అట్టపెట్టె మాత్రం పారేయొద్దు, దాని మీదున్న కస్టమ్స్ డిక్లరేషన్ (లోపల ఏముందో, ధరెంతో పంపేవాళ్లు రాసిచ్చే కాగితం), ఛార్జీ లేబులే మీకు సాక్ష్యం.

సమస్య: గిఫ్టే కదా, వ్యాట్ ఎందుకు?

39 పౌండ్ల వరకు గిఫ్టుకు వ్యాట్ లేదు. రూపాయల్లో నాలుగు వేల పైచిలుకు. అంతలోపే ఉన్నా బిల్లు వచ్చిందంటే డిక్లరేషన్ చదవండి. కౌంటర్లో కుర్రాడు ‘గిఫ్ట్’ గడిలో టిక్కు పెట్టి ఉండడు, లేదా 3800 అని రాసి పక్కన రూపాయలని రాసి ఉండడు, దాన్ని పౌండ్లనుకుని ఉంటారు. అమ్మ దగ్గరున్న కొన్న బిల్లు, పోస్టాఫీసు రసీదు ఫోటో తీయించి తెప్పించుకోండి, మీ వాదనకు అవే బలం. పంపినవారి చోట పచ్చళ్ల షాపు పేరుంటే మాత్రం వాదన నిలవడం కష్టం. గిఫ్టంటే పుట్టినరోజుకో పండక్కో ఒక మనిషి ఇంకో మనిషికి పంపేది. మీరే ఫోన్‌పే కొట్టి షాపు నుంచి తెప్పించుకున్నది గిఫ్టు కాదు.

దసరాకి ఇంటిల్లిపాదికీ ఒకే పెట్టెలో బట్టలు పంపితే, ఎవరి 39 పౌండ్లు వాళ్లకే లెక్క. కాకపోతే ఎవరివి వాళ్లకు విడిగా చుట్టి, ఒక్కోదాని ధర డిక్లరేషన్‌లో వేరుగా రాయాలి. ‘బట్టలు, 9000’ అని ఒక్క ముక్కలో రాసేస్తే అంతా ఒకే గిఫ్టయి కూర్చుంటుంది. ఈసారి పంపేముందు అమ్మకు ఫోన్లో ఈ మాట చెప్పండి.

సమస్య: పరిమితి దాటింది నిజమే, కానీ ఇంత పన్నా?

చాలామంది పట్టించుకోనిది ఇక్కడే. వ్యాట్ 20 శాతమే అయినా అన్నిటికీ కాదు. చిన్నపిల్లల బట్టలకు సున్నా. పచ్చళ్లు, కారప్పొడుల లాంటి తిండి వస్తువులకూ సున్నా. లడ్డూలు, హల్వాలకు మాత్రం 20 శాతం పడుతుంది, అదేం న్యాయమో! పాప పట్టులంగా మీద 20 శాతం వేశారంటే, డిక్లరేషన్‌లో ‘పిల్లల’ అన్న మాట లేకపోయి ఉండొచ్చు. సైజు కనబడే బిల్లు జతచేసి అడగండి. కస్టమ్స్ డ్యూటీ సంగతి వేరు: గిఫ్టు 135 పౌండ్ల లోపుంటే అసలు లేదు, ఆపైన 630 వరకు ఎక్కువలో ఎక్కువ 2.5 శాతం.

ఎవర్ని అడగాలి?

రాయల్ మెయిల్ గానీ, పార్శిళ్లు తెచ్చిచ్చే పార్సెల్‌ఫోర్స్ సంస్థ గానీ తెచ్చిస్తే బీవోఆర్ 286 ఫారం నింపి బోర్డర్ ఫోర్స్‌కు (యూకే సరిహద్దు తనిఖీ విభాగం) పంపాలి. ప్రైవేటు కొరియర్ అయితే సీ285 ఫారం, అది హెచ్‌ఎంఆర్‌సీకి (యూకే పన్నుల శాఖ). బిల్లులో పన్నుతో పాటు కనబడే హ్యాండ్లింగ్ ఫీజు పన్ను కాదు, తెచ్చిచ్చినవాళ్లు తీసుకునేది. దాని గొడవ వాళ్లతోనే.

పెట్టెలో మటన్ పచ్చడి, నెయ్యి మాయమైతే అది పన్ను తగాదా కాదు. మాంసం, పాల పదార్థాలు ఇండియా నుంచి పోస్టులో రానివ్వరు. ఏ ఫారం నింపినా అవి తిరిగి రావు.